పరదేశ ప్రవేశమునకు ముందు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము పరదేశ ప్రయాణము. దేశాంతరములందలి వింతలను వర్ణించుట నా యుద్దేశము గాదు. ఒక దేశపు వాకిట నడుగిడుటకు ముందు ఆ దేశము మననుండి యేమేమి కోరునో, మన ప్రభుత్వ మేమేమి విధించినదో, వానిని ఇంటియొద్ద నుండగనే యేల విచారింపవలయునో, అంతమట్టుకే చెప్పెదను. పోవువాడు యువకుడు గదా, ఈ మాటలు పెద్దల కేల యని మీరడుగవచ్చును. పోవువాడు యువకుడే. కాని వాని ప్రయాణమునకు వలయు ధనము పెద్దల చేతిమీదుగనే పోవుచున్నది. భూమిని కుదువబెట్టువాడు తండ్రి. ప్రామిసరీ నోటుపై సాక్షి సంతకము చేయువాడు మేనమామ. ఏజెంటు నమ్మదగినవాడని మాట చెప్పువాడు ఊరిపెద్ద. కావున కాగితములను చదివించి చూడవలసిన బాధ్యతయు పెద్దలదే యని నా యభిప్రాయము.

మా వెల్గటూరు గోదావరీ తీరపు సీమ. శాతవాహనుల నాటి నాణెములు బయల్పడిన కోటిలింగాల ఇచ్చటికి సమీపముననే యున్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారివలెనే మా సీమవారును వలసకు అలవాటుపడినవారు. వాన తప్పిన యేట కూలివాడును, మగ్గము నిలిచిన యేట నేతవాడును బొంబాయికిని, భీవండికిని, షోలాపురమునకును పోవుచుండిరి. ఆ ప్రయాణమునకు వలసినది రైలు టిక్కె ట్టొక్కటియే. "నీదే దేశము, ఏ పనికి వచ్చితివి, ఎన్నాళ్ళుందువు" అని బొంబాయి స్టేషనులో అడిగినవాడు లేడు. పని దొరికిన నుండవచ్చును. దొరకకున్న మరలి రావచ్చును. ఒక కార్ఖానా విడిచి మరియొక కార్ఖానాకు పోవచ్చును. 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట గల్ఫు దేశములందు కట్టడముల పని విస్తరిల్లెను. మనవారు ఆ దిక్కునకు మరలిరి. కాని బొంబాయి అలవాటు మనసులో నట్లే నిలిచిపోయెను. దుబాయి యనగా కొంచెము దూరపు బొంబాయి యనియు, విమానపు టిక్కెట్టు చేతికి వచ్చినచో సర్వము సిద్ధమైనట్లే యనియు నేటికి ననేకులు తలచుచున్నారు. మన కష్టములలో పెక్కు ఈ యొక్క తలంపునుండియే పుట్టినవి.

స్వదేశమున సంచరించుట పౌరుని హక్కు. పరదేశమున ప్రవేశించుట ఆ దేశమువారి యనుమతి. ఈ భేదమును మొదట గ్రహింపవలెను. పాసుపోర్టు అనునది "ఈ మనుష్యుడు మావాడు" అని మన ప్రభుత్వము చెప్పు పత్రము. వీసా యనునది "ఈ పని కొరకు, ఇన్ని దినములకు ఇతనిని రానిత్తుము" అని పరదేశమువారు చెప్పు మాట. మొదటిది యున్నంతమాత్రమున రెండవది రాదు. రెండవది యున్నను అందు వ్రాసిన పని వేరు, మనము చేయబోవు పని వేరు అయినచో, ఆ వీసా మనకు రక్షణ గాదు. మనపై సాక్ష్య మగును.

ద్వారమునకు విధించిన నియమము న్యాయమా, అన్యాయమా యని కొందరు వాదింతురు. వాదింపవచ్చును. కాని ఆ వాదము తీరులోపల ప్రయాణికుని గతి యేమగునో తెలిసికొనుటకు చరిత్రలో నొక యుదాహరణము కలదు. 1908లో కెనడా ప్రభుత్వము ఒక నియమము చేసెను. ఆ దేశమునకు వచ్చువాడు తన జన్మదేశమునుండి మధ్య నెచ్చటను ఆగక, ఒకే టిక్కెట్టుపై రావలెనట. హిందూదేశమునుండి అట్లు తిన్నగా పోవు ఓడయే లేదు. అనగా ఆ నియమము మనవారిని రానీయకుండుటకే చేయబడినది. మరియు ఒక్కొక్కరు రెండువందల డాలర్లు చూపవలెనని మరియొక నిబంధన. 1914 మే నెలలో కొమగాట మారు అను ఓడ 376 మంది ప్రయాణికులతో వాంకోవరు రేవు చేరెను. వారిలో పెక్కుమంది పంజాబు సిక్కులు. రెండు మాసములు ఓడ నీటిమీదనే నిలిచెను. ఆహారమునకును, నీటికిని ఇబ్బంది కలిగెను. న్యాయస్థానము కూడ వారి పక్షమున తీర్పు చెప్పలేదు. ఇరువది నలుగురిని మాత్రమే దింపుకొని, జూలై 23వ తేదీన మిగిలినవారిని త్రిప్పి పంపిరి. ఓడ కలకత్తా సమీపమునకు చేరిన పిమ్మట జరిగిన కాల్పులలో సుమారు ఇరువది మంది మరణించిరి. ఆ నియమము తప్పని కెనడా ప్రధానమంత్రి తమ పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. ఎప్పుడు? 2016 మే 18వ తేదీన. అనగా నూటరెండు సంవత్సరములకు తరువాత. న్యాయము వచ్చునప్పటికి ప్రయాణికులు లేరు. ద్వారమును మార్చుట దేశముల పని; ద్వారపు నియమము తెలిసికొని పోవుట ప్రయాణికుని పని.

ఇక మనవారు పోవు గల్ఫు దేశముల సంగతి చూతము. అచ్చట వీసా ఒక్క రకము గాదు. చూచి పోవుటకు వచ్చువారి వీసా వేరు. పని వీసా వేరు. మొదటిదానిని మనవారు విజిటు వీసా యందురు. అది ముప్పది దినములకో, అరువది దినములకో పరిమిత మైనది. దానిపై పోయి పనిచేయుట నేరము. "ముందుగాల పో బిడ్డా, అక్కడికి పోయినంక పని వీసాకు మారుస్తరు" అని ఏజెంటు చెప్పును. మార్చెదమని కంపెనీవారు వ్రాసియిచ్చిన పత్రము లేనప్పుడు ఆ మాటకు విలువ లేదు. గడువు దాటిన పిమ్మట ఐక్య అరబ్బు రాష్ట్రములందు దినమునకు 50 దిర్హముల జరిమానా పడును. నూరు దినములకు అయిదు వేల దిర్హములు. మన రూపాయలలో అది లక్షకు పైమాట. పనియే లేనివాడు దాని నెట్లు చెల్లించును?

ఆజాద్ వీసా యని మరియొక పేరు మన పల్లెలలో వినబడును. ఏ దేశపు చట్టమునందును ఆ పేరుగల వీసా లేదు. ఒక అరబ్బు తన పేర వీసా తీసి యమ్మును. కొనినవాడు అచ్చటికి పోయి, ఆ కఫీలు నొద్ద గాక తన కిష్టమైన చోట పనిచేయును. స్వేచ్ఛ యని దానికి ఆజాద్ అను పేరు పెట్టిరి గాని, చట్టము ప్రకారము వాడు యజమానిని విడిచి పోయినవాడే. కఫీలు ఫిర్యాదు చేసిన దినమున వాని గుర్తింపు పత్రము చెల్లదు. సౌదీలో దీనిని హురూబు అందురు. మనవారు అట్టి బ్రతుకును ఖల్లివెల్లి యందురు. ఖల్లివెల్లి యైనవానికి జీతము ఎగవేసినను అడుగు దిక్కు లేదు; జబ్బు చేసినను ఆస్పత్రికి పోవ భయము; తండ్రి పోయెనని వార్త వచ్చినను వెంటనే మరలి వచ్చుటకు వీలులేదు.

పని వీసాలోను భేదములు కలవు. కువైటునందు ఇండ్లలో పనిచేయువారికి 20వ సంఖ్య వీసా. కంపెనీలలో పనిచేయువారికి 18వ సంఖ్య వీసా. మొదటిదానిని ఖాదిం వీసా యందురు. దానిపై పోయినవాడు కంపెనీలో పనిచేయరాదు. సౌదీ వీసాపై పని పేరు అరబ్బీ లిపిలో నుండును. నే నెరిగిన యొక యింట కుమారుని తోటపనికి పంపుటకు సిద్ధమైరి. డబ్బు కట్టుటకు రెండు దినములు ముందు, పదునాలుగేండ్లు రియాదులో పనిచేసి వచ్చిన యొక వృద్ధుడు ఆ కాగితమును చేతికి తీసికొని చూచెను. "పటేలా, ఇందుల మజారే అని లేదు, రాఈ అని ఉన్నది. ఇది తోటపని కాదు, గొర్ల కాపరి పని" అని చెప్పెను. ఎడారిలో నొంటరిగా గొఱ్ఱెలను, ఒంటెలను మేపు పనికి ఆ యింటివారు తమ కుమారుని పంపదలచలేదు. ప్రయాణము మానిరి. ఒక్క పదమును చదువుటచేత నొక యువకుని రెండేండ్ల జీవితము నిలిచినది. గల్ఫునుండి మరలివచ్చి అరబ్బీ పదములు పోల్చగలవారు మన పల్లెలలో ననేకులు కలరు. మసీదునందు ఆ లిపి చదువగల పెద్దలును ఉందురు. వారి నడుగుటకు రూపాయి ఖర్చు లేదు.

పరదేశపు నియమములతోపాటు మన ప్రభుత్వపు నియమములును కలవు. 1983 నాటి వలస చట్టము ప్రకారము పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాసుపోర్టుపై సాధారణముగా ఇ.సి.ఆర్. అను ముద్ర యుండును. అట్టివారు పదునెనిమిది దేశములకు పనికై పోవుటకు ముందు వలసదారుల సంరక్షణాధికారి యనుమతి పొందవలెను. సౌదీ, కువైటు, ఖతరు, ఒమాను, బహ్రెయిను, ఐక్య అరబ్బు రాష్ట్రములు, ఇరాకు, మలేషియా మున్నగునవి ఆ దేశములలోనివి. సంరక్షణాధికారి కార్యాలయము హైదరాబాదునందు కలదు. ఈ ముద్రను మనవారు అడ్డుగోడగా తలచి, దొంగ సర్టిఫికెట్లతో తప్పించుకొన జూచుచున్నారు. అది అడ్డుగోడ గాదు, చదువులేనివానికి ప్రభుత్వము పట్టిన గొడుగు. ఆ యనుమతి కొరకు యజమాని పేరు, జీతము, పని షరతులు ప్రభుత్వపు ఇ-మైగ్రేటు పట్టికలో నెక్కవలెను. దానితోపాటు ప్రవాసి భారతీయ బీమా పథకము క్రింద, ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను పదిలక్షల రూపాయల భీమా లభించును. 2017లో సవరించిన ప్రకారము దానికి చెల్లించు సొమ్ము రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు మాత్రమే. విజిటు వీసాపై దొంగచాటుగ పోవువాడు ఈ రెండింటిని గోల్పోవును.

ఏజెంటు విషయమును చట్టమే చెప్పినది. ప్రభుత్వ లైసెన్సు లేనివాడు పరదేశపు పనికి మనుష్యులను చేర్చుకొనరాదు. లైసెన్సుగల ఏజెంటు తన సేవకు పుచ్చుకొనదగిన పైకము ముప్పదివేల రూపాయలును, దానిపై పన్నును మించరాదు. దానికి రశీదు ఈయవలెను. మన పల్లెలకు మోటారు సైకిలుపై వచ్చి లక్ష, రెండు లక్షలు అడుగువాడు చాలసార్లు లైసెన్సుదారుడు గాడు, వానిక్రింది దళారి. వాని లైసెన్సు సంఖ్యను ఇ-మైగ్రేటు పట్టికలో సరిచూచుకొనవచ్చును. తెలియనివారు మీ-సేవ కేంద్రమునకు పోయియో, ఫోను చూడనేర్చిన మనుమని నడిగియో చూచుకొనవచ్చును. తెలంగాణ ప్రభుత్వమువారి టామ్‌కామ్ సంస్థయు లైసెన్సుతోనే మనుష్యులను పంపుచున్నది. స్త్రీల విషయమున నియమము మరింత గట్టిది. ఇ.సి.ఆర్. ముద్రగల స్త్రీ ముప్పది యేండ్లు నిండక ఆ దేశములకు ఇంటిపనికై పోరాదు. వయస్సు పెంచి వ్రాయించి పంపుట ఆమెను రక్షణ లేని చోటికి త్రోయుటయే.

ఇక చిన్నవిగ గనిపించి పెద్ద చిక్కులు తెచ్చునవి కొన్ని కలవు. పాసుపోర్టు గడువు ప్రయాణదినమునుండి ఆరు మాసములకు తక్కువ గాకుండవలెను. పేరు విషయమున జాగరూకత వలెను. మనవారిలో కొందరి పాసుపోర్టునందు ఇంటిపేరు లేక ఒకే పేరుండును. 2022 నవంబరు 21వ తేదీనుండి ఐక్య అరబ్బు రాష్ట్రములవారు ఒకే పేరుగల పాసుపోర్టుపై విజిటు వీసాతో వచ్చువారిని రానీయమని ప్రకటించిరి. తండ్రి పేరైనను పాసుపోర్టున నుండవలెనని పిమ్మట వివరించిరి. ఆధారుపై నొక తీరు, పాసుపోర్టుపై నొక తీరు, వీసాపై మరియొక తీరు పేరు వ్రాసియున్నచో దానిని ఇచ్చటనే సరిచేయించుకొనవలెను.

గల్ఫు దేశములకు పోవుటకు ముందు నియమిత వైద్యకేంద్రమున దేహపరీక్ష జరుగును. క్షయ, కామెర్లకు సంబంధించిన రక్తదోషములు, హెచ్.ఐ.వి. మున్నగునవి చూతురు. అచ్చట చేరిన పిమ్మట మరల పరీక్షింతురు. తప్పినచో త్రిప్పి పంపుదురు. ఎదుటివాని రక్తమిచ్చి పరీక్ష గెలిచితినని సంతోషించువాడు రెండవ పరీక్షను మరచినవాడు. రోగమున్నచో ముందు చికిత్స, తరువాత ప్రయాణము.

తల్లులకు నొక మాట. కుమారుడు పోవునప్పుడు మాంసపు కూరకు మసాలా నూరి మూటగట్టుట మన ఆచారము. అందు గసగసాలు వేయకుడు. నల్లమందు చెట్టు గింజలే గసగసాలు. ఐక్య అరబ్బు రాష్ట్రములందును, సౌదీయందును అవి నిషిద్ధములు. మత్తుపదార్థము తెచ్చినాడని మీ కుమారుని నిర్బంధింతురు. అట్లే నొప్పికి వాడు ట్రమడాలు బిళ్లలు, కోడీను కలిసిన దగ్గు మందులు అచ్చట అదుపులో నున్నవి. వైద్యుని చీటీయు, అవసరమైనచోట ముందుగా పొందిన అనుమతియు లేక వానిని పెట్టెలో నుంచరాదు. ఇతరులు "మా తమ్మునికి అందియ్యి" అని యిచ్చు మూటను విప్పి చూడక తీసికొనిపోరాదు.

ఒకమారు దేశబహిష్కృతుడైనవాని విషయము వేరుగ చెప్పవలెను. వెనుకటి దినములలో పేరు మార్చి, క్రొత్త పాసుపోర్టు తీసి మరల పోవువారు. నేడు విమానాశ్రయమున వేలిముద్రలును, కంటిపాపయు పరీక్షింతురు. పేరు మారును గాని వ్రేలు మారదు. అచ్చట పట్టుబడుటే గాక, తప్పుడు వివరములతో పాసుపోర్టు తీయుట మన 1967 నాటి చట్టము ప్రకారము ఇచ్చటను నేరమే.

ఇటీవల మరియొక దిక్కున నొక క్రొత్త యాపద పుట్టినది. ఇది చదువుకొన్న బిడ్డలను మ్రింగుచున్నది. థాయిలాండునందు కంప్యూటరు ఉద్యోగమని చెప్పి, చూచి పోవువారికిచ్చు అనుమతిపై తీసికొనిపోయి, అచ్చటనుండి సరిహద్దు దాటించి మయన్మారు దేశపు మోసపు శిబిరములందు నిర్బంధించిరి. ఫోనులమీద పరులను మోసగించుటయే అచ్చటి యుద్యోగము. 2025 మార్చి 10, 11 తేదీలలో భారత ప్రభుత్వము వాయుసేన విమానములలో అట్టివారిని 549 మందిని మరల తెచ్చెను. వారిలో మన తెలుగు యువకులును కలరు. వారి కొరకు ఉద్యోగపు వీసా యెవ్వరును తీయలేదన్న ఒక్క సంగతిని ఇంటివద్దనే అడిగి తెలిసికొనియున్నచో, ఆ బోనులో పలువురు పడకయే యుందురు. ఉద్యోగ మిచ్చువాడు ఉద్యోగపు వీసా ఏల ఈయడు?

నా మాటలకు మీరొక యాక్షేపణ చెప్పవచ్చును. "మా వాడకట్టులో నొకడు ఆజాద్ వీసాపైననే పోయి డాబా కట్టినాడు, బిడ్డ పెండ్లి చేసినాడు, ఇన్ని ప్రశ్నలు వేసినవాడు ఇంటనే కూర్చుండెను" అని. ఆ మాట పూర్తిగా అబద్ధము గాదు. అట్లు పోయి బాగుపడినవారు కలరు. కాని కట్టిన డాబా దారిన పోవువారందరికి కనబడును. మునిగినవాని అప్పు వాని యింటిలోననే దాగియుండును. ఐక్య అరబ్బు రాష్ట్రములవారు 2018లోను, మరల 2024లోను క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, పత్రములు లేక చిక్కుబడిన మనవారు అనేకులు బయటకు వచ్చిరి. నిలువ ధనముతో వచ్చినవారు తక్కువ. ఊరిలో నూటికి రెండు, మూడు రూపాయల నెలవడ్డీ మాత్రము వారి రాక కొరకు ఆగియుండలేదు. అదృష్టము నమ్మి విత్తనము లేని పొలము దున్ను రైతు లేడు. బిడ్డ విషయమున మాత్రము మన మేల అట్లు చేయవలెను?

కావున పెద్దలకు నా మనవి యిది. నోటుపై సంతకము చేయుటకు ముందు అయిదు ప్రశ్నలు వేయుడు. వీసా ఏ రకము, ఎన్ని దినములు? అందు వ్రాసిన పని యేది, దాని నెవరు చదివిరి? ఏజెంటు లైసెన్సు సంఖ్య యేది, రశీదు ఏది? పాసుపోర్టుపై ముద్ర యేది, సంరక్షణాధికారి యనుమతి యున్నదా? జీతమును, పనిని తెలుపు ఒప్పందపు నకలు ఇంట నున్నదా? ఈ అయిదింటిలో ఏ యొక్కదానికైనను "పోయినంక చూసుకుందము" అను జవాబు వచ్చినచో, డబ్బు ఈయకుడు. పాసుపోర్టు, వీసా, ఒప్పందము, భీమా, ఈ నాలుగింటి నకళ్ళు భార్యయొద్దనో, తల్లియొద్దనో ఉండవలెను. ఆపద వచ్చినప్పుడు రాయబార కార్యాలయమువారు మొదట అడుగునవి అవే. సందేహము కలిగినచో ప్రభుత్వమువారి ప్రవాసి సహాయ కేంద్రమునకు 1800 11 3090 అను సంఖ్యకు ఉచితముగ ఫోను చేసి అడుగవచ్చును. నియమములు మారుచుండును. నిరుటేడు పోయిన అన్న చెప్పినది ఈ యేడు తమ్మునికి చెల్లకపోవచ్చును. అందుచేత ప్రతి ప్రయాణమునకు ముందు క్రొత్తగా విచారింపవలెను.

పిల్లనిచ్చుటకు ముందు మనము ఆ యింటి గోత్రమును, నడవడిని, బావి నీటిని గూడ విచారింతుము. బిడ్డను పరదేశమునకు పంపుట అంతకు చిన్న సంగతి గాదు. ఆ విచారణలో నాల్గవవంతు దీనికి చేసినను, మన పల్లెలలో ననేక గృహములు అప్పులపాలు గాకుండును. పోవలదని నేను చెప్పుటలేదు. తెలిసి పొమ్మని చెప్పుచున్నాను. మీ యూరి చావడిలో ఈ మాటలను చదివి వినిపించుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.